అవ్వ బొటనవేలూ నా రసాయన శాస్త్రమూ

మా అవ్వ ఎడమ చేతి బొటనవేలు పనికిరాదని రిజిస్ట్రారు ఆఫీసులో తేల్చి చెప్పారు. ఆ వేలితో ఆమె కల్లాపి చల్లింది, మిరపకాయల తొడిమలు తీసింది, వేరుశనక్కాయలు వలిచింది, రెండు మూడు తరాల పిల్లల ముక్కులు తుడిచింది. అటువంటి వేలిని పనికిరాదనడానికి ధైర్యం ఉండాలి. ఆ గుమాస్తాకు ఉంది.

సంగతి ఇది. అవ్వకు పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన చేను ఒకటి ఉండేది. ఓర్వకల్లు దాటాక, బండల గుట్టల కింద, మంచి నల్లరేగడి. దాన్ని మా చిన్నమ్మకు దానపత్రం రాసి ఇవ్వాలని అవ్వ పట్టు. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఆ చేను దున్నించేదీ, విత్తించేదీ, పందులు రాకుండా మంచె ఎక్కి కాపలా కాసేదీ ఆమే. అవ్వ కన్ను మూస్తే అది మా నాయనకూ పెదనాయనకూ వచ్చేస్తుంది. మా నాయన సంగతి ఫరవాలేదు. పెదనాయనకు ముగ్గురు కొడుకులు, ముగ్గురికీ ఆకలి కొంచెం ఎక్కువ. అప్పుడు చిన్నమ్మకు ఆ చేని గట్టు మీద నిలబడే హక్కు కూడా ఉండదు.

పెదనాయన ఒప్పుకున్నాడు. సాక్షి సంతకం తానే పెడతానన్నాడు కూడా. ఆయన మంచివాడే. కాకపోతే ఆయన మంచితనం మా సీమలో మబ్బు వంటిది. వస్తుంది, నల్లగా నిండుగా కనబడుతుంది, ఎటు పోయిందో తెలియదు. మబ్బును చూసి మా వైపు ఎవరూ విత్తనాల సంచి విప్పరు. అందుకే ఆయన మనసు మారకముందే పని ముగించాలని అవ్వ తొందర.

తొందరగానే వెళ్ళాం. పత్రం రాయించాం. గుమాస్తా అవ్వ వేలికి సిరా పూసి కాగితం మీద నొక్కాడు. ఎత్తి చూస్తే ఎండిన చెరువు అడుగు కనబడింది. నెర్రెలు, నెర్రెల మధ్య నల్లని పెళ్ళలు. గీత అన్నది ఒక్కటీ లేదు. ఇంకోసారి నొక్కాడు. ఇంకో చెరువు వచ్చింది. పుట్టింటివాళ్ళు చేను ఇచ్చినప్పుడు అవ్వ వేసిన వేలిముద్ర ఆఫీసు పుస్తకంలో ఉందట, దానితో ఇది సరిపోవాలట. ఇంతకుముందు ఎవరో చనిపోయిన మనిషి పేరు మీద బతికున్న వేలు ఒకటి వేసి వెళ్ళారనీ, అప్పటినుంచి తాను వేళ్ళను తప్ప మనుషులను నమ్మడం మానేశాననీ చెప్పాడు. అవ్వకు సంతకం నేర్పిస్తానన్నాను. కొత్త సంతకాన్ని ఏ పాత సంతకంతో పోల్చమంటారని అడిగాడు. అతను తప్పుగా మాట్లాడి ఉంటే ఎంతో బాగుండేది.

"వేలు మెత్తబడినాక తోడుకొని రాండప్పా," అన్నాడు. "తొందరేమీ లేదు. ఆఫీసు యాడికీ పోదు."

బయటికి వచ్చాక అందరూ నా వైపు చూశారు. కారణం, నేను కెమిస్ట్రీతో డిగ్రీ పాసయ్యాను. ఇంట్లో ఒకడు కెమిస్ట్రీ చదివితే ఆ ఇంటికి ఎంత నష్టమో మా వాళ్ళకు అప్పటికి ఇంకా తెలియదు.

ఆ రోజుల్లో కర్నూలు రాష్ట్రానికి రాజధాని. భవనాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. నేను చదివిన చదువుకు ప్రయోగశాల దొరకలేదు కానీ గుడారం దొరికింది. అందులో ఒక మూల మేజా ముందు కూర్చుని కాగితాలు ఒక కట్టలోంచి ఇంకో కట్టలోకి మార్చేవాణ్ణి. గాలి వీస్తే ఆ పని గాలే చేసేది. ఆదివారాలు మా పల్లెకు వెళ్ళేవాణ్ణి. ఆ చలికాలంలో నా ఆదివారాలన్నీ ఒకే ఒక బొటనవేలికి అంకితమయ్యాయి.

చలికాలం అంటే మా వైపు చలి పెద్దగా ఉండదు. పొడి ఉంటుంది. తుంగభద్ర ఒడ్డున నిలబడ్డా పెదవులు పగులుతాయి. తలుపు చెక్కలు ఎండి సందులు పడతాయి. మనుషుల మాటలు కూడా కొంచెం పొడిగానే ఉంటాయి. ఇటువంటి చోట ఒక ముసలమ్మ వేలిని మెత్తబరచడం అంత సులభం కాదని నాకు మొదటే తెలిసి ఉండవలసింది.

మొదటి వైద్యం పెదనాయనది. ఆముదం. ఆయన దృష్టిలో ఆముదంతో కుదరని రోగం లేదు. కుదరకపోతే అది రోగం కాదు, కర్మ. ఇంట్లో కాచిన ఆముదం, బెల్లప్పాకం కంటే చిక్కగా ఉండేది. అవ్వ వేలు దాంట్లో ముంచి తీస్తే నల్లగా నిగనిగలాడింది. మరుసటి ఆదివారం చూస్తే నిగనిగ పోయి, నెర్రెల్లో తెల్లగా విరిగిన పాల వంటిదేదో పేరుకొని ఉంది. చచ్చిన చర్మం ఊడి వస్తున్నదని నేను సంతోషించాను.

రెండో వైద్యం మా అమ్మది. వేరుశనగ నూనె, అది సరిపోకపోతే వెన్న. వేరుశనగ నూనె పలుచన. వేలికి పూస్తే వేలి మీద ఉండదు, చీర మీద ఉంటుంది. వెన్న బాగానే నిలిచింది కానీ దాని సంగతి పిల్లికి తెలిసిపోయింది. అవ్వ మధ్యాహ్నం కునుకు తీస్తే పిల్లి వచ్చి వేలు నాకి వెళ్ళేది. వేలు మెత్తబడలేదు, పిల్లి మాత్రం బాగా నునుపు తేలింది. వెన్న పూసిన వేలి మీద కూడా అదే తెల్లని విరుగుడు.

ఇక నా వంతు వచ్చింది. కర్నూలులో ఇంగ్లీషు మందుల అంగడికి వెళ్ళి మొదట గ్లిసరిన్ కొన్నాను. గ్లిసరిన్ గుణం నాకు పుస్తకం ద్వారా తెలుసు. అది నీళ్ళను ఎక్కడున్నా తనలోకి లాక్కుంటుంది. మద్రాసులో మా కాలేజీ ప్రయోగశాలలో మూత తీసి పెట్టిన గ్లిసరిన్ గిన్నె వారానికల్లా కొంచెం నిండేది. గాలిలోని తేమను తాగేది. చర్మం మీద పూస్తే చర్మానికి తేమను తెచ్చిపెడుతుందని లెక్క.

ఆ లెక్క మద్రాసు లెక్క. మద్రాసు గాలిలో నీళ్ళుంటాయి, గ్లిసరిన్ గాలిని పిండుకుంటుంది. మా గాలిని పిండితే దుమ్ము రాలుతుంది. పిండడానికి ఇంకేమీ దొరకక అది మా అవ్వను పిండింది. నెర్రెల్లో నిప్పు పోసినట్టు మండుతున్నదని ఆమె చెయ్యి విదిలించింది. పైగా గ్లిసరిన్ తియ్యగా ఉంటుంది. వేలి మీద చీమలు బారు కట్టాయి. అవ్వ ఆ బారును కాసేపు చూసింది.

"కాలేజీలో నీకు ఇదేనా నేర్పింది, నాయనా? మనిషికి చీమలు పట్టించేది?"

గ్లిసరిన్‌ను నీళ్ళలో కలిపి పూయాలని అంగడివాడు చెప్పాడు, నేను వినలేదు. వినివుంటే కొంత మేలు. నీళ్ళు కలిపితే దానికి తాగడానికి సొంత నీళ్ళు ఉంటాయి, మనిషి జోలికి అంతగా రాదు.

తర్వాత లానోలిన్. గొర్రె ఉన్నిని ఉడకబెట్టి తీసే కొవ్వు అది. మంచి వస్తువు. నూనెలా పైన జారదు, చర్మాన్ని అంటిపెట్టుకుంటుంది, కొంత నీటిని కూడా తనలో కలుపుకొని నిలబెడుతుంది. పుస్తకంలో దాని వాసన గురించి ఏమీ రాయలేదు. అవ్వ డబ్బా మూత తీసి, మూసి, పక్కకు పెట్టింది. మాంసం తినే ఇల్లే మాది, గొర్రె అంటే అభ్యంతరం ఏమీ లేదు. అయితే గొర్రెను ఉడికించి తినడం వేరు, వేలికి తొడుక్కోవడం వేరు అని ఆమె వాదన. నేను బతిమాలితే ఒక పూట పూయించుకుంది. ఆ సాయంత్రం మా వీధిలో మంద మళ్ళింది. రెండు గొర్రెలు ఆగి మా అరుగు వైపు చూశాయట. వాటికి బంధుత్వం తెలిసిపోయిందని ఆమె తీర్మానం. డబ్బా తిరిగి నా సంచిలోకి వచ్చింది.

చివరికి వాజలైను. దీన్ని మట్టినూనె బావుల నుంచి తీస్తారని నోరు జారాను. కిరసనాయిలు పూసుకొని పొయ్యి దగ్గర ఎట్లా కూర్చోవాలని మా అమ్మ అడిగింది. ఇది అంటుకోదని నిరూపించడానికి ఒక పుల్లకు పూసి దీపం మీద పెట్టాను. దురదృష్టవశాత్తు పుల్ల అంటుకుంది. పుల్లలు వాజలైను లేకపోయినా అంటుకుంటాయని చెప్పాను. అది ఎవరూ చెవిన పెట్టలేదు. అయినా చిన్నమ్మ పూసింది. దీని గుణం నిలవడం. ఇది లోపలికి ఇంకదు, ఆవిరి కాదు, పైన మూతలాగా కూర్చుంటుంది. వేలు మాత్రం మూత కింద అట్లాగే పగిలి ఉంది. తెల్లని విరుగుడు రాలేదు కానీ తెల్లని నలుసులు ఏవో జిగురులో అంటుకొని కనబడ్డాయి. దుమ్ము అనుకున్నాను.

ఇన్ని పూసినా ఫలితం లేకపోతే తప్పు మందులది కాదు, పనిది అని తేల్చాను. పేడ, బూడిద, ఉప్పునీళ్ళు, చీపురు, అన్నీ చర్మానికి శత్రువులు. ఇకమీదట అవ్వ పని ముట్టకూడదని శాసించాను. పని మానమంటే అవ్వ కొట్లాడుతుందని అనుకున్నాను. ఆమె కొట్లాడలేదు. అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చుంది. పక్కన ఆకు సంచి, ఒళ్ళో అడకత్తెర. నోట్లో ఆకు. అట్లా కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో తన మనవడు తనకు పింఛను ఇప్పించినాడని చెప్పుకునేది.

ఆమె పని మానాక వేలు ఇంకా పగిలింది.

ఇది న్యాయం కాదు. నేను చదివిన ఏ పుస్తకం ప్రకారం చూసినా న్యాయం కాదు. ఆ స్థితిలో ఇంకోసారి ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తా ఈసారి సిరా కూడా ఖర్చు చేయలేదు. భూతద్దం పెట్టి వేలిని చూసి, మనుషులను చూసి, పోయిన సారి ఇంతకంటే మేలుగా ఉండిందే అన్నాడు. తిరిగి వస్తూ పెదనాయన సుగ్గి కోతలు వస్తున్నాయనీ, చేతికి తీరిక ఉండదనీ, ఈ పని సుగ్గి దాటినాక చూసుకోవచ్చుననీ అన్నాడు. చిన్నమ్మ నా వైపు చూసింది. మబ్బు కదలడం మొదలైందని ఇద్దరికీ తెలిసింది.

ఆ వారం నేను గుడారంలో పని చేయలేదు, ఆలోచించాను. పైవాళ్ళకు ఆ రెండింటికీ తేడా తెలియలేదు. అవ్వకు ఒక అలవాటు ఉండేది. వేలి మీద గట్టిపడి లేచిన చర్మపు పెచ్చులను అడకత్తెరతో కత్తిరించి పారేసేది. అవి కొన్ని కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకున్నాను. ఖాళీ సిరా సీసాలు కడిగి, ఒకదాంట్లో ఆముదం, ఒకదాంట్లో వాజలైను, ఒకదాంట్లో ఉత్త గ్లిసరిన్, ఒకదాంట్లో మంచినీళ్ళు పోసి, తలా ఒక పెచ్చు వేసి, మేజా మీద వరసగా పెట్టాను. మా పై అధికారి అటు వచ్చి ఇదేమిటని అడిగాడు.

"మా అవ్వండీ," అన్నాను.

ఆయన సీసాలనూ నన్నూ చూసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మెత్తగా మాట్లాడేవాడు.

పెచ్చులు తీసి వంచి చూశాను. ఆముదంలోది నిగనిగలాడుతూ పుటుక్కున విరిగింది. వాజలైనులోదీ విరిగింది. గ్లిసరిన్‌లోది కొంచెం వంగి విరిగింది. నీళ్ళలోది తడి తోలు మాదిరి మెత్తగా మడత పడింది. అప్పుడు నాకు తెలిసింది. ఎండిన చర్మానికి నూనె చాలలేదని ఊరంతా అనుకుంటుంది, నేనూ అనుకున్నాను. చాలనిది నూనె కాదు, నీళ్ళు. నూనెలు నెర్రెలు పూడుస్తాయి, గరుకు తగ్గిస్తాయి. గ్లిసరిన్ నీళ్ళను పట్టి ఉంచుతుంది, నీళ్ళు ఉంటే. లానోలిన్ కొంత పూడుస్తుంది, కొంత పడుతుంది, వాసన భరిస్తే. వాజలైను ఉన్న తడిని పోకుండా మూస్తుంది. వీటిలో ఒక్కటీ తనంతట తాను నీటిని పుట్టించదు. లేనిదాన్ని మూసి ఏం లాభం?

ఆదివారం వెళ్ళి చిన్నమ్మకు చెప్పాను. పుస్తకం మాటల్లో చెప్తే ఆమె ఆవలించింది. అప్పుడు చేని మాటల్లో చెప్పాను. వాన పడ్డాక గుంటక తోలి పైమట్టి ఎందుకు కదిలిస్తారు? లోపలి పదును ఎండకు పోకుండా. వాజలైను గుంటక. ముందు వాన పడాలి. కాబట్టి గోరువెచ్చని నీళ్ళలో వేలు నానబెట్టి, తడి పూర్తిగా తుడవకుండా, నీళ్ళు కలిపిన గ్లిసరిన్ రెండు చుక్కలు రుద్ది, పైన వాజలైను పూసి, పాతగుడ్డ చుట్టాలి.

చిన్నమ్మ విని, "అయితే ఇన్ని దినాలూ వాన లేకుండా గుంటక తోల్తాంటిమి," అంది. "దుమ్ము లేయక ఏం లేస్తాది?"

ఆమె అట్లాగే చేసింది. శ్రద్ధగా చేసింది. వేలు ఉదయం మెత్తగా ఉండేదట. మధ్యాహ్నానికి మళ్ళీ నెర్రెలు. గుడ్డ ఏమైందని అడిగితే చేతికి అడ్డమని అవ్వ విప్పి పారేసేదట. దేనికి అడ్డమో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ మధ్యలో పెదనాయన వచ్చి, ఇదంతా చేతకాని వ్యవహారమనీ, మళ్ళీ ఆముదమే గతి అనీ చెప్పి ఒక చెంబుడు ఇచ్చి వెళ్ళాడు. ఆయన మనసు నొప్పించే కాలం కాదది. పూయించాం. ఆదివారం నేను అరుగు మీద అవ్వ పక్కన కూర్చుని వేలు ఎండలో పట్టి చూశాను. మళ్ళీ అదే తెల్లని విరుగుడు. ఈసారి గోటితో గీకి, చెంబులో నీళ్ళు పోసుకొని నలిపాను. జిడ్డు పోలేదు, నురగ రాలేదు, పిండిలా చేతికి అంటుకుంది. ఈ వస్తువును నేను ఎక్కడో చూశాను. కాలేజీలో, పరీక్షనాళికలో, లెక్చరరు చేతిలో చూశాను. కొవ్వును క్షారంతో కలిపితే వచ్చేది సబ్బు. ఆ క్షారం సున్నమైతే వచ్చేది నురగ రాని సబ్బు.

మా అవ్వ వేలి మీద సబ్బు తయారవుతున్నది. ఆముదం పెదనాయన ఇచ్చాడు. సున్నం ఎవరిచ్చారు?

తల ఎత్తి చూశాను. అవ్వ ఒళ్ళో తమలపాకు పరిచి ఉంది. ఎడమ బొటనవేలితో ఆకు ఈనె మీద ఒక్క రాపు రాసింది. ఆకు మీద తెల్లని చార పడింది. ఆమె పద్ధతే అంత. పొద్దున్నే సున్నపు కాయలోంచి ఇంత సున్నం తీసి ఎడమ బొటనవేలికి పట్టించుకునేది. మాటిమాటికీ కాయ మూత తీయడం సోమరుల పని అని ఆమె అభిప్రాయం. రోజంతా ఏ ఆకుకు కావాలన్నా ఆ వేలి మీది సున్నమే. ఎండిపోతే కాస్త ఉమ్ము తడి చేసి, మళ్ళీ కొత్తది పట్టించేది. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. ఇంట్లో అందరూ చూస్తున్నదే. గోడకు సున్నం ఉంటే ఎవరైనా గమనిస్తారా? అదీ అంతే.

"అవ్వా, సున్నం పూసుకుంటాండావే," అన్నాను.

"ఆకుకు రాయద్దా?"

"వేలితో ఏ పనీ చేయొద్దని చెప్పలేదా?"

"ఇది పనా?" అంది అవ్వ. నిజంగానే ఆశ్చర్యపోయింది. "పని చేయొద్దంటివి, చేయలే. ఊరికే కూసోని ఆకు నమల్తాండా. పని ల్యాకపాయ, పొద్దు పోకపాయ. ముందుటికంటే శానా నమల్తాండా."

అదీ కథ. పని మాన్పించి ఆకు పెంచాను, ఆకు పెరిగి సున్నం పెరిగింది, సున్నం పెరిగి వేలు పగిలింది. పూసిన నూనెలన్నీ సున్నంతో కలిసి సబ్బయ్యాయి. గ్లిసరిన్ తన సహజ దుర్గుణంతో పాటు సున్నాన్ని నెర్రెల్లోకి కూడా దింపింది. వాజలైను ఒక్కటే నిజాయితీగా ఉండి సున్నపు నలుసులను పట్టి చూపించింది, దాన్ని నేను దుమ్మన్నాను. చలికాలమంతా అన్ని మందులనూ పోల్చి చూశాను, వాటి పక్కనే ఉన్న సున్నపు కాయను మాత్రం పోల్చలేదు.

ఆకు మానమని అడగడం నా వంతయింది. అవ్వ నా మాట చివరిదాకా విన్నది. విని, పళ్ళు పోయినా తాను బాధపడలేదనీ, ఆకు పోతే మాత్రం నోరు ఎందుకున్నట్టో తనకు తెలియదనీ నెమ్మదిగా చెప్పింది. కుడి వేలితో రాయమన్నాను. రాసింది. ఆ సాయంత్రానికి అలవాటు మళ్ళీ ఎడమకు తెచ్చింది. సున్నం లేకుండా నమలమన్నాను. ఆ మాటకు ఆమె ముఖం తిప్పుకుంది, ఇంట్లో మిగతావాళ్ళు కూడా నేను కొంచెం మితిమీరానని అనుకున్నారు.

పెదనాయన ఆ వారంలో రెండు మూడుసార్లు సుగ్గి మాట ఎత్తాడు. ఆయన పెద్దకొడుకు ఒక పొద్దు చేని వైపు ఊరికే నడిచి వచ్చాడట. మా చేని వైపు ఊరికే నడిచేవాడు కాదు వాడు.

ఆ కబురు విన్న పూట చిన్నమ్మ అరుగు మీదికి వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. సున్నపు కాయ తీసుకొని తన కొంగున కట్టుకుంది. తానే ఆకు చుట్టి ఇస్తానంది.

"నీ చేతి ఆకు నాకు సయించదు," అంది అవ్వ.

"నా చేతి సంగటి తింటాండావు గదా అత్తా. ఆకు నోరు కాల్చితే అప్పుడు తిట్టు."

కాల్చింది, తిట్టింది. సున్నం పాళ్ళు కుదరడానికి కొంతకాలం పట్టింది. మొదట ఎక్కువ, తర్వాత తక్కువ, ఆ మధ్యలో అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోని పూటలు కొన్ని. కాయ మూత మాటిమాటికీ తీయలేక చిన్నమ్మ కూడా అత్త పద్ధతే పట్టింది. పొద్దున్నే ఎడమ బొటనవేలికి ఇంత సున్నం పట్టించుకొని పనిలోకి దిగేది. చేనికి వెళ్ళినా మధ్యలో వచ్చి ఆకు చుట్టి ఇచ్చి వెళ్ళేది. ఇవన్నీ నేను చూశాను. చూసి, వేలు బాగవుతున్నదన్న సంతోషంలో ఉన్నాను. అవ్వ వేలు. నానబెట్టడం, గ్లిసరిన్ నీళ్ళు, వాజలైను, గుడ్డ. వాన, పదును, గుంటక. ఒక ఆదివారం ఎండలో పట్టి చూస్తే గీతలు సుడి తిరిగి కనబడ్డాయి. చిన్నపిల్ల వేలిలా ఉందని అమ్మ అంది. ఎప్పుడూ లేని మెత్తదనంతో ఏ వస్తువు పట్టుకున్నా జారిపోతున్నదని అవ్వ ఫిర్యాదు.

సుగ్గికి ముందే పెదనాయనను బస్సు ఎక్కించాం. ఆయన దారి పొడుగునా వేరే సంగతులు మాట్లాడాడు కానీ దిగిపోలేదు.

ఆఫీసులో గుమాస్తా మమ్మల్ని చూసి నిట్టూర్చాడు. మేమూ నిట్టూర్చాం. అవ్వ వేలికి సిరా పూసి, నొక్కి, ఎత్తాడు. భూతద్దం పెట్టి పాత ముద్రనూ కొత్త ముద్రనూ మార్చి మార్చి చూశాడు. అంత సేపు ఒక మనిషి ఇంకో మనిషి వేలిని చూడడం పెళ్ళిలో కూడా చూడలేదు నేను.

"సరిపోయినాది," అన్నాడు చివరికి.

పెదనాయన సంతకం పెట్టాడు. పెట్టేముందు కలం కాసేపు గాలిలో ఆగింది, పెట్టాడు. ఆయన మంచివాడేనని మొదటే చెప్పాను.

నేను లేవబోతుంటే గుమాస్తా దానం పుచ్చుకునేవాళ్ళు ఎవరన్నాడు. పుచ్చుకున్నట్టు వాళ్ళు కూడా ముద్ర వేయాలట. చిన్నమ్మ ముందుకు వచ్చి ఎడమ చెయ్యి చాచింది.

ఎండిన చెరువు. నెర్రెలు, నెర్రెల అంచుల్లో తెల్లని సున్నం.

గుమాస్తా ఆ వేలిని చూసి, అవ్వ వేలిని చూసి, నన్ను చూశాడు. తెలివిగలవాడెవరో అతనికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయినట్టుంది.

"ఏమప్పా, మీ ఇంట్లో వేళ్ళు యాడ పెడతారు?"

నేను సంచిలోకి చెయ్యి పోనిచ్చాను. వాజలైను డబ్బా తగిలింది. నానబెట్టడానికి గోరువెచ్చని నీళ్ళు ఈ ఆఫీసులో ఎవరిని అడగాలా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో అతనే సిరా పూసి నొక్కేశాడు. కాగితం మీద నల్లని పెళ్ళలు పడ్డాయి.

"ఇది చెల్లుతుందా?" అన్నాను.

"ఈ యమ్మది పోల్చను పాతది యాడుండాది? ఇదే పాతది అయితాది." ముద్ర మీద ఊది ఆరబెట్టాడు. "ఇంగ రేపు ఎప్పుడన్నా చేను అమ్మాలంటే వేలు ఇట్లే ఉండాల. అప్పుడు గీతలు బాగా తేలించుకొని వస్తే నేను ఒప్పను."

వరండాలోకి వచ్చాక ఈ మాట అర్థం కాలేదంది అవ్వ. విడమరిచి చెప్పాను. చిన్నమ్మ వేలు ఇట్లా పగిలి ఉన్నప్పటి ముద్ర కాగితం మీద ఉంది కాబట్టి, వేలు బాగయితే ముద్ర సరిపోదనీ, సరిపోకపోతే ఆ చేను ఎవరూ అమ్మలేరనీ చెప్పాను. అయితే రేపు కష్టమొచ్చి చిన్నమ్మ తన చేను తానే అమ్ముకోవాలన్నా కుదరదా అని అవ్వ అడిగింది. వేలు బాగయితే ఈ గుమాస్తా ఉన్నంత కాలం కుదరదన్నాను.

పెదనాయన ఇదంతా వింటూ నిలబడి ఉన్నాడు. చిన్నమ్మ వేలు చూసి, అయ్యో అని, ఇంటికి వెళ్ళగానే ఆముదం పంపిస్తానన్నాడు. నేను కూడా అలవాటు కొద్దీ వాజలైను డబ్బా బయటికి తీశాను.

అవ్వ తన మెత్తని వేలితో ఆ డబ్బాను వెనక్కి నెట్టింది.

"దాని వేలికి యెవురూ ఏమీ పూయగాకండి," అంది. "అమ్మీ, ఒక ఆకు చుట్టు."